పొగ కనిపించకముందే గుడారం ఎత్తాలి

మన పల్లెల్లో ధనుర్మాసపు చలికి నెగడు వేసుకుని కూర్చునే రోజుల్లో ఆస్ట్రేలియాలో రోళ్లు పగిలే ఎండలు కాస్తుంటాయి. భూమధ్యరేఖకు అవతల ఉన్న ఆ దేశంలో డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలే వేసవి. బడులకు పెద్ద సెలవులు ఇచ్చేదీ అప్పుడే. క్రిస్మస్‌కు ముందు మూసిన బడిని మళ్లీ జనవరి చివరికి గాని తెరవరు. ఆ అయిదారు వారాల్లో దేశం సగం రోడ్డు మీదే ఉంటుంది. కారు డిక్కీలో గుడారం, దుప్పట్లు, చిన్న గ్యాసు పొయ్యి, మంచుగడ్డల పెట్టె సర్దుకుని కుటుంబాలకు కుటుంబాలే సముద్రతీరానికో, అడవికో బయలుదేరుతాయి. కొందరు చక్రాల మీద నడిచే చిన్న ఇంటినే కారు వెనుక తగిలించుకుని వెళతారు. దాన్ని కారవాన్ అంటారు. మన పెద్దలు ఒకప్పుడు గూడుబండి కట్టుకుని, దారిలో వండుకు తింటూ తీర్థానికి వెళ్లినట్టే ఇదీ.

పేరున్న చోట గుడారానికి జాగా దొరకాలంటే నెలల ముందే డబ్బు కట్టాలి. ఏడాదంతా కూడబెట్టుకుని, పిల్లలకు ఆశపెట్టి, వందల కిలోమీటర్లు కారు నడిపి అక్కడికి చేరుకుంటారు. అయితే ఆ సెలవుల కాలమే అక్కడ కార్చిచ్చుల కాలం కూడా. 'రేపు ఎండా గాలీ ఎక్కువ. ఈ రోజే వెళ్లిపోండి' అని అధికారులు చెప్పిననాడు చూస్తే తలమీద ఆకాశం నీలంగా ఉంటుంది. పొగ జాడ కూడా ఉండదు. పిల్లలు నీళ్లలో ఆడుకుంటుంటారు. గుడారం విప్పాలా, ఇంకో రోజు చూద్దామా అనే ప్రశ్న అక్కడ పుడుతుంది. ఎన్నో ప్రాణాలు ఆ ప్రశ్నకు ఇచ్చే జవాబు మీదే ఆధారపడి ఉంటున్నాయి.

ఈ సంగతి మనకు పరాయిది కాదు. 2021 నాటి ఆస్ట్రేలియా జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతామని రాయించుకున్నవారు 59 వేల పైచిలుకు ఉన్నారు. చదువుకో, ఉద్యోగానికో వెళ్లి మెల్‌బోర్న్, సిడ్నీ వంటి నగరాల్లో స్థిరపడినవారు వీరు. పిల్లల్ని చూసిరావడానికి వెళ్లిన తల్లిదండ్రులు కూడా ఆ సెలవుల్లో ఆ కార్లలో వెనుక సీట్లో కూర్చుంటారు. సంక్రాంతికి ఫోను చేస్తే "రోడ్డు మీద ఉన్నాం నాన్నా, సముద్రం ఒడ్డున గుడారం వేస్తున్నాం" అనే జవాబు వినే ఇళ్లు మన పల్లెల్లోనూ ఉన్నాయి.

జామాయిల్ చెట్ల దేశం

ఆ అడవులు అంత తొందరగా ఎందుకు అంటుకుంటాయో తెలుసుకోవడానికి మన పొలాల గట్లు చూస్తే చాలు. మనం జామాయిల్ అని పిలిచే చెట్టు పుట్టిల్లు ఆస్ట్రేలియాయే. దాని ఆకు నలిపితే ఘాటుగా వాసన వేసేది అందులోని నూనె. ఆ నూనె మంటకు ఆజ్యం. ఆ దేశపు తూర్పు, దక్షిణ ప్రాంతాల అడవుల్లో ఎక్కువగా ఉండేవి ఈ జాతి చెట్లే. కొన్ని రకాల చెట్లకు బెరడు పొడవాటి పేలికలుగా ఊడి వేలాడుతుంటుంది. కింద మంట రాజుకుంటే ఆ పేలికలే నిచ్చెన మెట్లయి నిప్పును కొమ్మల మీదికి ఎక్కిస్తాయి. పైన గాలి పట్టిందంటే కాలుతున్న బెరడు ముక్కలు కిలోమీటర్ల దూరం ఎగిరిపడి అక్కడ కొత్త మంటలు పెడతాయి.

వీధి చివర ఒక పాక అంటుకుంటే గాలివాటున ఉన్న గడ్డివాములన్నీ వరుసగా రాజుకోవడం మన పెద్దలు చూసే ఉంటారు. అక్కడ జరిగేదీ అదే. కాకపోతే పాకల బదులు కొండలు, గడ్డివాముల బదులు అడవులు. అందుకే మంట ఇంకా కొండ అవతలే ఉంది గదా అన్న ధైర్యం పనికిరాదు. మైదానంలో నడిచే మంటకు కొండవాలు దొరికితే దాని వేగం పెరుగుతుంది. వాలు పది డిగ్రీలు పెరిగిన కొద్దీ మంట పైకి పాకే వేగం రెట్టింపవుతుందని అక్కడి అగ్నిమాపక దళాలు లెక్క చెబుతాయి.

గాలి మళ్లడం మరో గండం. ఆస్ట్రేలియా నడుమ అంతా ఎడారి. అక్కడి నుంచి వీచే ఉత్తరపు వడగాలి మంటను సన్నగా, పొడవుగా దక్షిణానికి తరుముతుంది. ఆ తర్వాత సముద్రం మీది నుంచి నైరుతి చల్లగాలి హఠాత్తుగా తగులుకుంటుంది. చల్లగాలి వచ్చింది గదా అని సంతోషించడానికి లేదు. అప్పటివరకు మంటకు పక్కభాగంగా ఉన్న కిలోమీటర్ల పొడవంతా ఒక్కసారిగా ముఖంగా మారి ముందుకు వస్తుంది. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియా రాష్ట్రంలో 173 మందిని బలిగొన్న కార్చిచ్చుల్లో సాయంత్రం గాలి మళ్లడం పెద్ద కీడు చేసింది. ఆ రోజు మెల్‌బోర్న్‌లో ఎండ 46.4 డిగ్రీలు.

మల్లకూటాలో ఆ ఉదయం

ఇంకో రోజు చూద్దామనుకుంటే ఏమవుతుందో 2019 చివరి రోజున మల్లకూటా పట్నంలో లోకమంతా చూసింది. మెల్‌బోర్న్‌కు తూర్పున 500 కిలోమీటర్లకు పైగా దూరంలో, చుట్టూ అడవి, ముందు సరస్సు, ఆపైన సముద్రం ఉన్న చిన్న ఊరు ఇది. ఊరివారు వెయ్యిమంది. సెలవుల్లో వచ్చి గుడారాలు వేసేవారు అంతకు ఎన్నో రెట్లు. పెద్ద రహదారి నుంచి ఆ ఊరికి ఇరవై పైచిలుకు కిలోమీటర్ల దారి ఒక్కటే. అదీ అడవి మధ్య నుంచే.

ఆస్ట్రేలియాలో లెక్కలు రాయడం మొదలుపెట్టిన తర్వాత 2019 అంత వేడిగా, అంత పొడిగా గడిచిన ఏడాది లేదు. డిసెంబరు 18న దేశం మొత్తం మీద పగటి ఎండల సగటే 41.9 డిగ్రీలకు చేరింది. తూర్పు తీరపు అడవులు అప్పటికే నెలలుగా తగలబడుతున్నాయి. డిసెంబరు 29, ఆదివారం నాడు విక్టోరియా అధికారులు తూర్పు గిప్స్‌లాండ్ ప్రాంతంలో సెలవులు గడుపుతున్న వారందరినీ వెళ్లిపొమ్మన్నారు. వారి సంఖ్య 30 వేల వరకు ఉంటుందని అంచనా. మరునాడు పెద్ద రహదారి మూతపడవచ్చని కూడా హెచ్చరించారు. చాలామంది మాట విని గుడారాలు ఎత్తారు. కొన్ని వేలమంది ఉండిపోయారు.

సోమవారం సాయంత్రానికి పరిస్థితి తలకిందులయింది. మంటలు ఊరి వైపు మళ్లాయి. ఇక బయలుదేరవద్దని, దారిలో చిక్కుకుంటారని అధికారులే చెప్పవలసి వచ్చింది. నిన్న వెళ్లమన్న దారి నేడు మృత్యుద్వారమయింది.

డిసెంబరు 31 తెల్లవారింది. కాని వెలుగు రాలేదు. ఉదయం పూటే ఆకాశం అర్ధరాత్రిలా నల్లబడింది. కాసేపటికి ఎర్రబడింది. అగ్నిమాపక దళం సైరను మోగించింది. సుమారు 4 వేలమంది నీటి ఒడ్డుకు చేరారు. పిల్లలకు తేలే చొక్కాలు తొడిగారు. ముక్కుకు తడిగుడ్డలు కట్టుకున్నారు. కొందరు కుటుంబాలతో పడవలెక్కి సరస్సు మధ్యకు వెళ్లారు. ఊరిలో గ్యాసు సిలిండర్లు పేలుతున్న చప్పుళ్లు వినిపించాయి. అగ్నిమాపక దళాలు జనానికీ మంటకూ నడుమ బండ్లు నిలిపి కాపు కాశాయి. చివరి ఘడియలో గాలి మళ్లి, మంట ముఖం ఒడ్డు నుంచి పక్కకు తిరిగింది. ఊళ్లో వందకు పైగా ఇళ్లు కాలిపోయాయి. ఒడ్డున చేరినవారు ప్రాణాలతో బయటపడ్డారు. అక్కడ ఉదయం తొమ్మిదయితే మన పల్లెల్లో తెల్లవారుజాము మూడున్నర. పిల్లలు అటువైపు వెళ్లారని తెలిసిన తల్లిదండ్రులకు ఆ పూట ఫోను చేసినా ప్రయోజనం లేదు. తీరం పొడవునా చాలాచోట్ల టవర్లు పనిచేయడం మానేశాయి.

అంతటితో కష్టం తీరలేదు. దారి పొడవునా చెట్లు పడిపోయాయి. నిలిచి ఉన్నవీ ఎప్పుడు కూలేదీ తెలియదు. ఉన్న ఒక్క దారీ మూసుకుపోవడంతో నౌకాదళం రంగంలోకి దిగవలసి వచ్చింది. చౌల్స్ అనే నౌక జనవరి 2న ఊరి ఎదుట లంగరు వేసింది. 3వ తేదీన ఆ నౌక, సికమోర్ అనే మరో ఓడ కలిసి సుమారు 1,100 మందిని, వారి పెంపుడు కుక్కలతో సహా ఎక్కించుకుని మరునాటికి మెల్‌బోర్న్ దగ్గరి రేవుకు చేర్చాయి. కార్లు, కారవాన్లు, గుడారాలు ఒడ్డునే ఉండిపోయాయి. ఆదివారం నాడు బయలుదేరి ఉంటే ఏ ఆరేడు గంటల్లోనో ఇల్లు చేరవలసిన వారు అయిదారు రోజుల తర్వాత యుద్ధనౌకలో తిరిగి వచ్చారు.

పెట్రోలు కోసం మైళ్ల వరుస

అదే రోజుల్లో పొరుగున ఉన్న న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రపు దక్షిణ తీరంలోనూ ఇదే గోడు. డిసెంబరు 31న బేట్‌మన్స్ బే, కొబార్గో, కంజోలా ప్రాంతాలను మంటలు చుట్టుముట్టాయి. అక్కడా సెలవులకు వచ్చిన వేలాదిమంది సముద్రపు ఇసుకలో తలదాచుకున్నారు. కరెంటు పోయింది. కరెంటు పోయేసరికి పెట్రోలు పంపు ఆగింది. సెల్‌ఫోన్ టవరు ఆగింది. దుకాణాల్లో కార్డు గీసే యంత్రం ఆగింది. బ్యాంకులో లక్షలున్నా చేతిలో నోటు లేనివాడు రొట్టె కొనుక్కోలేకపోయాడు.

జనవరి 2న ఆ రాష్ట్ర అగ్నిమాపక దళం తీరం పొడవునా విహారయాత్రికులు వెళ్లిపోవలసిన ప్రాంతాన్ని ప్రకటించింది. రెండు రోజుల్లో మళ్లీ ఎండా గాలీ ముదురుతాయని వాతావరణ శాఖ చెప్పడమే కారణం. అందరూ ఒకేసారి కదలడంతో రోడ్డు మీద కార్లు బారులు తీరాయి. పెట్రోలు బంకుల దగ్గర గంటల తరబడి నిలబడ్డారు. చెప్పినట్టే జనవరి 4న సిడ్నీ శివారు పెన్‌రిత్‌లో ఎండ 48.9 డిగ్రీలకు పోయింది.

ఆ వేసవిలో మొత్తం మీద 33 మంది నేరుగా మంటలకు బలయ్యారు. వారిలో 9 మంది మంటలార్పడానికి వెళ్లినవారే. పొగ పీల్చి మరణించినవారు మరో 400 పైచిలుకు ఉంటారని వైద్య పరిశోధకులు లెక్కగట్టారు. 3 వేలకు పైగా ఇళ్లు నేలమట్టమయ్యాయి. కాలిన నేల 2 కోట్ల 40 లక్షల హెక్టార్లు. రెండు తెలుగు రాష్ట్రాలను కలిపి కొలిచినా వచ్చే విస్తీర్ణం అంతకు కాస్త మాత్రమే ఎక్కువ.

మంటలతో పోరాడినవారిలో ఎక్కువమంది జీతగాళ్లు కారు. న్యూసౌత్‌వేల్స్ గ్రామీణ అగ్నిమాపక సేవలో 70 వేలకు పైగా సభ్యులున్నారు. వారంతా రైతులు, పంతుళ్లు, దుకాణదారులు. సొంత పని మానుకుని, పైసా జీతం లేకుండా గొట్టం పట్టుకునేవారే.

ముందే కదిలినవారి కథ

అలాగని ప్రతి సెలవులూ ఇలాగే ముగుస్తాయనుకోవద్దు. ముందే కదిలినవారి కథ కూడా ఉంది. మెల్‌బోర్న్‌కు నైరుతి దిక్కున సముద్రాన్ని ఒరుసుకుంటూ సాగే గ్రేట్ ఓషన్ రోడ్డు ఆ దేశానికే పేరు తెచ్చిన విహారమార్గం. మన వాళ్లు ఫొటోలు తీసుకుని పంపేది ఎక్కువగా అక్కడి నుంచే. ఆ దారి మీద కొండవాలున ఉన్న చిన్న ఊరు వై రివర్. 2015 డిసెంబరు 19న పిడుగుపాటుతో దగ్గరి అడవిలో మంట పుట్టింది. ఆరు రోజుల తర్వాత, సరిగ్గా క్రిస్మస్ నాడు అది ఊరి మీదికి వచ్చింది.

పండుగ భోజనాల వేళ అందరినీ ఊరు విడవమన్నారు. ఊరివారూ, సెలవులకు వచ్చినవారూ వండినవి వదిలేసి కార్లెక్కారు. ఆ రోజు వై రివర్‌లోనూ, దాని పక్కనున్న సెపరేషన్ క్రీక్‌లోనూ 116 ఇళ్లు కాలిపోయాయి. ఒక్క ప్రాణం కూడా పోలేదు. బతికుంటే బలుసాకు తినవచ్చునని మన పెద్దలు అన్న మాటకు ఇంతకంటె సాక్ష్యం అక్కర్లేదు.

ఆ దారిలోనే ఉన్న లోర్న్ ఊరిలో ఏటా సంవత్సరాంతాన పాటల ఉత్సవం జరిగేది. 2019లో సుమారు 9 వేలమంది అప్పటికే గుడారాలు వేసుకుని ఉండగా డిసెంబరు 29న నిర్వాహకులు ఉత్సవాన్ని రద్దు చేసి అందరినీ పంపించివేశారు. అప్పటికి అక్కడ మంట లేదు. రేపు రావచ్చునన్న భయం ఒక్కటే. కొండదారిలో ఒకేసారి తొమ్మిది వేలమందిని తరలించడం కుదరదని గ్రహించి ముందే మేలుకున్నారు. ఇల్లు కాలేటప్పుడు నుయ్యి తవ్వడం మొదలుపెట్టకూడదని వారికి తెలుసు.

కారులో చిక్కితే

మంట దగ్గరికి వచ్చాక కారులో పారిపోవడమే అన్నిటికంటె ప్రమాదమని అక్కడి అనుభవం. పొగలో పది గజాల దూరం కనిపించదు. ఎదురుగా చెట్టు పడితే వెనక్కి తిరిగే చోటు ఉండదు. కారవాన్ తగిలించుకున్నవారి కష్టం మరీ ఎక్కువ. గత్యంతరం లేక దారిలో చిక్కినవారు ఏం చేయాలన్న దానికి ఒక పాత ఘోరం పాఠం నేర్పింది.

1969 జనవరి 8న మెల్‌బోర్న్, జీలాంగ్ నగరాల నడుమ లారా అనే ఊరి దగ్గర గడ్డిమంట పెద్ద రహదారిని దాటింది. పొగలో చిక్కిన కార్లు ఆగిపోయాయి. భయంతో కార్లు దిగి పరుగెత్తిన 17 మంది మాడిపోయారు. కార్లలోనే ఉండిపోయిన కొందరు బతికారు. మంట ముఖం ఒక చోట నిలిచి ఉండేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల్లో మనిషిని చంపేది ఎక్కువగా మంట సెగ. కారు రేకు, అద్దాలు ఆ సెగకు కొంత అడ్డుపడతాయి.

అందుకే అక్కడి అగ్నిమాపక దళాలు ఇలా చెబుతాయి. చెట్టూ చేమా లేని ఖాళీ నేల మీద, వీలైతే మంట వచ్చే దిక్కుకు ముఖం పెట్టి కారు నిలపాలి. దీపాలు వేసి ఉంచాలి. అద్దాలు, గాలి వచ్చే కంతలు మూసేయాలి. అద్దాల కంటె కిందికి వంగి, ఉన్ని కంబళి కప్పుకోవాలి. నైలాను, పాలిస్టరు దుప్పట్లు సెగకు కరిగి ఒంటికి అంటుకుంటాయి కనుక అవి పనికిరావు. నీళ్లు తాగుతుండాలి. మంట ముఖం దాటిపోయాకనే దిగాలి. అయితే ఇది చివరి ఉపాయమేనని, దీనివల్ల ప్రాణం దక్కుతుందన్న హామీ లేదని కూడా ఆ దళాలే చెబుతాయి.

బోర్డు మీద ముల్లు

ముందే కదలాలంటే ముందే తెలియాలి. అందుకు అక్కడ ఏర్పాట్లున్నాయి. ఊళ్ల పొలిమేరల్లో, అడవి దారుల్లో అర్ధచంద్రాకారపు బోర్డులు కనిపిస్తాయి. వాటి మీద గడియారం ముల్లు వంటి బాణం ఉంటుంది. 2022 సెప్టెంబరు 1 నుంచి దేశమంతటా ఒకే పద్ధతి అమలులోకి వచ్చింది. ఆకుపచ్చ మీద ముల్లు ఉంటే సిద్ధంగా ఉండమని. పసుపు మీద ఉంటే కదలడానికి తయారు కమ్మని. నారింజ రంగయితే ప్రాణాన్ని, ఆస్తిని కాపాడుకునే పని వెంటనే మొదలుపెట్టమని. ముదురు ఎరుపు చివరిది. దాన్ని కెటాస్ట్రోఫిక్ అంటారు. మహావిపత్తు అని అర్థం. ఆ రోజు ప్రాణాలు దక్కాలంటే అడవి ప్రాంతాల్లో ఉండనే వద్దని చెబుతారు. అడవుల్లోని జాతీయ పార్కులను మూసివేస్తారు.

మంట పుట్టిన తర్వాత ఇచ్చే హెచ్చరికలు వేరు. అవి మూడు అంచెలు. పసుపు రంగుది సమాచారం మాత్రమే. నారింజ రంగుది వస్తే ఇక కదలాలి. ఎరుపు వస్తే ప్రమాదం ముంగిట్లో ఉన్నట్టు. ఒక్కోసారి మూడూ వరుసగా రావు. మొదటే ఎరుపు రావచ్చు. ఏ హెచ్చరికా రాకముందే మంటే రావచ్చు. అందుకే ఫోను మోగాక చూద్దాంలే అనుకోవద్దని అధికారులు నెత్తీనోరూ మొత్తుకుంటారు.

ఫోనులో ఇప్పుడు మంటల జాడ చూపే యాప్‌లున్నాయి. అయితే 2019-20 వేసవి నేర్పిన పాఠం వేరు. టవరు కాలితే యాప్ ఉండదు. బ్యాటరీతో నడిచే చిన్న రేడియో ఉంటే ప్రభుత్వ ప్రసార సంస్థ ఏబీసీ స్థానిక కేంద్రం నుంచి గంట గంటకూ కబురు తెలుస్తుంది. కాగితం మీది దారిపటం, చేతిలో కొంత నగదు, సగానికి తగ్గని పెట్రోలు, తలా కొన్ని లీటర్ల మంచినీళ్లు, ఉన్ని కంబళి, నూలు బట్టలు, రోజూ వేసుకునే మందులు కారులో ఉండాలన్నది అక్కడి అనుభవజ్ఞుల మాట. అగ్నిమాపక దళానికి, పోలీసులకు, అంబులెన్సుకు అత్యవసర నంబరు ఒక్కటే. అది మూడు సున్నాలు.

గుడారం వేసే ముందు చూసుకోవలసినవి రెండు. ఈ చోటుకు వచ్చే దారులు ఎన్ని? దగ్గరలో బయలు గాని, నీరు గాని ఎక్కడుంది? ఒక్కటే దారి ఉన్న చోట ఎండ ముదిరే వారంలో బస చేయకపోవడమే మేలు.

పొయ్యి దగ్గర జాగ్రత్త

మంటలన్నీ పిడుగుల వల్లే పుట్టవు. గుడారం దగ్గర చలిమంట, ఆర్పకుండా వదిలిన పొయ్యి కూడా అడవులను తగలబెట్టాయి. అందుకే ఎండా గాలీ తీవ్రంగా ఉన్న రోజున సంపూర్ణ మంటల నిషేధం విధిస్తారు. ఆ రోజు ఆరుబయట కట్టెల పొయ్యి వెలిగిస్తే నేరం. భారీ జరిమానాయే గాక జైలు శిక్ష కూడా పడవచ్చు. నిషేధం లేని రోజున కూడా పొయ్యి చుట్టూ ఆకూ అలమూ ఊడ్చి, పక్కన బకెట్టు నీళ్లు పెట్టుకోవాలి. వదిలి వెళ్లేటప్పుడు ఇసుక కప్పి ఊరుకోకూడదు. ఇసుక కింద నిప్పు గంటల తరబడి బతికే ఉంటుంది. చెయ్యి పెట్టినా కాలనంతగా చల్లారేదాకా నీళ్లు పోయాలి. ఎండిన పొడుగాటి గడ్డిలో కారు నిలపడం కూడా తప్పే. ఇంజను కింద కాలే గొట్టం తగిలి గడ్డి అంటుకుంటుంది.

మన అడవుల్లోనూ

ఈ పాఠం ఆ దేశానికే పరిమితం కాదు. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో నడకయాత్రకు వెళ్లినవారిని కార్చిచ్చు చుట్టుముట్టింది. ఇరవైమందికి పైగా మరణించారు. కొండవాలున ఎండిన గడ్డి, ఎటు పరుగెత్తాలో తెలియని తికమక వారిని పొట్టన పెట్టుకున్నాయి.

నల్లమలలో శివరాత్రికీ, ఉగాదికీ శ్రీశైలం నడిచివెళ్లే భక్తులు దారిలో బస చేసి వండుకుంటారు. ఆకురాలే కాలం కూడా అదే. మన అడవుల్లో మంట చాలావరకు నేల మీది ఎండుటాకుల్లోనే పాకుతుంది కనుక ఆస్ట్రేలియా అంతటి బీభత్సం కనిపించదు. కాని మన దేశంలో అడవి మంటలకు చాలావరకు మనిషి చెయ్యే కారణం. ఆర్పని బీడీ ముక్క, వదిలేసిన పొయ్యి రాళ్ల మధ్య మిగిలిన నిప్పు చాలు.

ఆస్ట్రేలియాలో ఉన్న బిడ్డలు ఈసారి సెలవులకు బయలుదేరామని ఫోను చేస్తే ఇక్కడి పెద్దలు అడగవలసిన మాటలు మూడున్నాయి. ఎక్కడికి వెళుతున్నారు? ఆ చోటికి దారులెన్ని? బోర్డు మీద ముల్లు ఏ రంగులో ఉంది? మధ్యలోనే తిరిగి వస్తున్నామని వారు చెబితే కట్టిన డబ్బు పోయిందని నిష్ఠూరమాడవద్దు. మల్లకూటాకు మళ్లీ యాత్రికులు వెళుతున్నారు. వై రివర్‌లో మళ్లీ ఇళ్లు లేచాయి. సముద్రం ఎక్కడికీ పోదు. వచ్చే ఏడు మళ్లీ గుడారం వేసుకోవచ్చు.